ఉప్పు చూసే నోరు

ప్రేమ్ బజార్‌లో నా శాండ్‌విచ్ దుకాణాన్ని అధికారులు పడగొట్టి రెండు నెలలైంది. సరుకు సైకిల్ మీద పెట్టి అమ్మితే కాలేజీ గేటు దగ్గర నిలబడనివ్వరు. ఇంట్లోనే అమ్ముదామంటే మా సుభాష్‌పల్లి దాకా ఏ స్టూడెంటూ రాడు. ఇక మిగిలింది ఒక్కటే దారి, రిచర్డ్ అంకుల్ గది. ఆయన రిటైరైన రైల్వే గార్డు. గేటు ఎదురుగా ఆయనకి ఒక గది ఉంది. దాన్ని నేనూ అడిగాను, మోమోలవాడూ అడిగాడు.

"మోమో తిన్నాను. మంగళవారం నాలుగింటికి మీ ఇంటికొస్తాను. వేడిగా స్టేక్-చీజ్ శాండ్‌విచ్ పెట్టు. ఎవరిది బాగుంటే గది తాళం చాబీ వాళ్లకే" అన్నాడాయన.

సోమవారం సాయంత్రం మెత్తటి బీఫ్ ముక్క తెచ్చాను. మంగళవారం మధ్యాహ్నం గంటసేపు ఫ్రీజర్లో ఉంచి, గట్టిపడ్డాక పల్చగా కోసి ఉప్పు, మిరియాలు పట్టించాను. ఉల్లిపాయలు సన్నని మంట మీద ఎర్రగా వేయించాను. మూడుంబావుకి తవా పొగలు కక్కుతుంటే గుప్పెడు మాంసం వేశాను.

చుర్రుమనాలి. అనలేదు. నీళ్లు ఊరి, ముక్కలు ఆ నీళ్లలో ఉడకసాగాయి.

అంత వేడి తవా మీద కూడా మాంసం నీరు వదిలిందంటే ఉప్పు ఎక్కువైనట్టే.

"దోర్కా, నువ్వు కూడా ఉప్పు రాసినావా?" అని నా భార్యని అడిగాను.

"నానెందుకు రాస్తానండీ? మీరే కదా రాసినారు, నా కళ్లముందే."

అమ్మ బైబిలు మూసింది. "నేను రాసినాను, రాత్రి. మాంసం ఇంట్లోకొస్తే ఉప్పు రాయకుండా ఎప్పుడైనా పడుకున్నానేట్రా?"

ట్రాఫిక్ రైల్వే క్వార్టర్లో ఉన్నప్పటి, ఫ్రిజ్ లేని రోజుల అలవాటు అది. ఫ్రిజ్ వచ్చి ఇరవై ఏళ్లైనా పోలేదు.

"సెప్పాలి కదమ్మా!"

"నువ్వడిగినావేటి?"

మాంసం దుకాణం మధ్యాహ్నానికే మూసేస్తారు. మిగిలిన మాంసమంతా చల్లటి నీళ్లలో వేసి పిండాను. నీళ్లు మార్చి మళ్లీ పిండాను. ఉప్పు దిగిందో లేదో ఎవరు చూడాలి? లెంటు ఉపవాసాలు మొదలై నాలుగు వారాలు. ఈస్టరు దాకా మా ఇంట్లో ఎవరూ మాంసం ముట్టరు. దుకాణం ఉన్నప్పుడు స్టూడెంట్లే తిని చెప్పేవాళ్లు. పక్కింటి దేముడన్న బీఫ్ తినడు. ఎదురింటి శామ్‌ది మా చర్చి సంఘమే. టైము చూస్తే ఇంకా ఇరవై నిమిషాలే ఉంది.

ఒక ముక్క వేయించి నోటి దాకా తెచ్చాను. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆగరా. ఉప్పు నాది. నోరూ నాదే."

"వద్దత్తయ్యా" అంది దోర్కా.

పన్నెండో ఏట మొదలుపెట్టిన లెంటు అమ్మ ఒక్క ఏడూ తప్పలేదు. నాన్న పోయిన ఏడు కూడా. కళ్లు మూసుకుని నమిలింది.

"ఇంకా ఉంది. కడుగు."

కడిగాను. మళ్లీ వేయించి ఇచ్చాను.

"ఇంకా."

మూడోసారి తల ఊపింది. "సాలు."

అప్పటికి ముక్కలు తెల్లబడిపోయాయి. రుచి కూడా నీళ్లలో పోయిందని నాకు కనబడుతూనే ఉంది. అయినా మిరియాలు చల్లాను. నాలుగు కొట్టేసరికి స్కూటర్ ఆగింది. మాంసం వేయించి, బన్ను కాల్చి, ఉల్లిపాయలు, మాంసం, పైన చీజ్ పెట్టి నిమిషం మూత వేశాను. చీజ్ అందంగా కరిగి అంచుల మీదకి జారింది.

రిచర్డ్ అంకుల్ కొరికాడు. చాలాసేపు నమిలాడు.

"ఉప్పు బరాబర్. చీజ్ బరాబర్. గోష్త్ కహా హై రే సిరిల్? మాంసం రుచేదీ? కడిగేసినావా?"

ఆయన సగం అలాగే వదిలేసి లేచాడు. "బురా మత్ మాన్, ఏమీ అనుకోకు" అని నా భుజం తట్టి వెళ్లిపోయాడు. స్కూటర్ ప్రేమ్ బజార్ వైపు తిరిగింది.

గది మోమోలవాడికి పోయింది. ఇంకో గది లేదు. అమ్మ పీట మీద కూర్చుని కొంగుతో మూతి తుడుచుకుంటోంది. తుడిచిందే తుడుస్తోంది.

ఆయన కోసమే చేసిన రెండో శాండ్‌విచ్ తవా మీద ఇంకా వేడిగానే ఉంది. లెంటు తప్పిన తప్పు ఆవిడ ఒక్కదాని మీదే ఉంచి, ఇంట్లో మేమిద్దరం శుభ్రంగా తిరగలేం. పీట పక్కన కూర్చుని కొరికాను. ఆయన అన్నది నిజమే. తడి దూది నమిలినట్టుంది.

దోర్కా వచ్చి నా పక్కన కూర్చుని చెయ్యి చాపింది. సగం విరిచి ఇచ్చాను.

అమ్మ మా ఇద్దర్నీ చూసింది.

"మెల్లగా తినండ్రా. ఆదివారం పాస్టరుకి ఏటి సెప్తారో ఆలోసించుకోండి."