స్టేజీ మీద చిన్న పని

ఇవ్వదలచుకోనివాళ్ళు ప్రశ్నలు అడగరు. యూనివర్సిటీ రీసెర్చ్ ఆఫీసులో ఇన్నేళ్ళు పనిచేసి అనుపమ నేర్చుకున్న వాటిలో అన్నిటికన్నా గట్టి సత్యం ఇదే. ప్రొఫెసర్లు పరిశోధనకు నిధులు కావాలని దరఖాస్తులు పెడతారు. వాటిని నిబంధనల ప్రకారం సరిచూసి, బడ్జెట్ కుదిర్చి, గడువు దాటకుండా ఢిల్లీకి పంపడం ఆమె పని. అక్కడినుంచి ఏ కబురూ రాకపోతే ఆశ వదులుకోవచ్చు. ఈ పరికరం ఎందుకు, ఈ మనిషిని ఎప్పటిదాకా పెట్టుకుంటారు అని చిన్న ప్రశ్న ఒక్కటి వచ్చిందంటే మాత్రం పని అయినట్టే. అలాంటి ప్రశ్న వచ్చిన రోజున ఆఫీసులో మంజూరు ఉత్తర్వు కోసం చూడరు, అప్పుడే సమోసాలు తెప్పించుకుంటారు.

అందుకే సూర్యప్రకాశరావుగారు ఫోన్ చేసి ప్రశ్నలు అడిగినప్పుడు ఆమెకు అర్థమైపోయింది.

యూనివర్సిటీల్లో, పరిశోధన సంస్థల్లో ఇలాంటి ఆఫీసులు నడిపేవాళ్ళందరూ కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆయన దానికి పెద్ద. సంఘంలో ఎవరికీ జీతం లేదు. శనివారాలు శిక్షణ తరగతులు పెట్టడం, కొత్తవాళ్ళకు నేర్పడం, గడువు ముంచుకొచ్చి ఏడుపు గొంతుతో ఫోన్ చేసేవాళ్ళకు దారి చూపడం, అంతా ఇష్టంతో చేసే పనే. అలా చేసినవాళ్ళలో ఒకరిని ఏటా సభలో పిలిచి సన్మానిస్తారు. ఎవరినో చివరిదాకా చెప్పరు. కానీ ఆ మనిషి ఆ సమయానికి హాల్లో లేకుండా పోతే సభ అభాసవుతుంది కాబట్టి, ముందుగా ఏదో ఒక వంకతో కనుక్కుంటారు. ఇది అందరికీ తెలిసిన రహస్యం.

ఆయన అడిగినవి చిన్న ప్రశ్నలే. సంఘం సహాయ ఫోన్ మొదలుపెట్టింది మీరే కదా, ఏ సంవత్సరం? అప్పుడు మీ హోదా ఏమిటి? ఆదివారం చివరి సమావేశం దాకా ఉంటారా?

ఉంటానంది.

"స్టేజీ మీద మీతో ఒక చిన్న పని ఉందమ్మా. ఏమిటని అడక్కండి. ఇంట్లోవాళ్ళను కూడా తీసుకురండి, భోజనాలు మన సంఘానివే" అన్నాడాయన, తనలో తను నవ్వుకుంటూ.

ఫోన్ పెట్టేశాక ఆమె కాసేపు అత్తాపూర్ ఇంట్లో వంటగది గట్టుకు ఆనుకుని నిలబడింది. మొదట సంతోషం వచ్చింది. దాని వెనకే ఆ సంతోషాన్ని చూసి సిగ్గు వచ్చింది. నాకు పేరు అక్కర్లేదండీ అని ఆమె ఎన్ని మీటింగుల్లో అనలేదు! ఫోటోలప్పుడు పక్కకు జరిగేది. ఆ మాట అనీ అనీ అది ఆమె ముఖంలో ఒక భాగమైపోయింది. అయినా ఏటా ఆ చివరి సమావేశంలో ఆమె కూర్చునేది నడవ పక్క కుర్చీలోనే. ఏసీ గాలి తగలదని తనకు తాను చెప్పుకునేది. పేరు పిలిస్తే ఎవరి మోకాళ్ళూ తగలకుండా లేవడానికి అది వీలైన కుర్చీ అని ఆమెలో ఇంకెవరికో తెలుసు. ఆ ఇంకెవరితోనో ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

భర్త జగదీశ్ క్యాంపులో ఉన్నాడు. మైలార్‌దేవ్‌పల్లిలో ఉంటున్న తండ్రికి ఫోన్ చేసింది. ఆదివారం ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్లో సభ ఉంది, రమ్మంది. ఏంది బిడ్డా సంగతి అని యాదయ్య అడిగితే, వస్తే తెలుస్తదిలే బాపూ అంది. సూర్యప్రకాశరావుగారి దగ్గర నేర్చుకున్న నవ్వే నవ్వింది.

కూతురు ఏం పని చేస్తదని ఎవరైనా అడిగితే యాదయ్య, పెద్దసార్ల కాయితాలు జూస్తది అని చెప్తాడు. అందులో తప్పేమీ లేదు. చిన్నబుచ్చాలని కూడా అనడు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ ఆమెకు తను ఒక బల్ల దగ్గర నిలబడి కాగితాల దొంతర సర్దుతున్నట్టు కనిపించేది. ఒక్కసారి ఆయన ఆమెను వెలుతురులో, పదిమంది చప్పట్ల మధ్య చూడాలి. ఆమె కోరిక అంతే. అంతే అని ఆమె అనుకుంది.

ఆదివారం యాదయ్య పక్కింటి బాలమల్లు ఆటోలో వచ్చాడు. ఆటోను లోపలికి వదలం అని గేటు దగ్గర ఆపేశారు. ఇద్దరూ పూలకుండీల మధ్యనుంచి నడుచుకుంటూ వస్తుంటే అనుపమ మెట్ల దగ్గర ఎదురుచూసింది. తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజం మీద కొత్త తువ్వాలు వేసుకున్నాడు. బాలమల్లు స్విమ్మింగ్ పూల్ దగ్గర ఆగాడు.

"యాదన్నా, నీ చేను గీ దిక్కే ఉండె గదా?"

"ఇంకా జర అవతల."

"నువ్వు బోరేస్తే దుమ్ము లేశె. వీళ్ళకు ఈత కొట్టనీకె నీళ్ళు ఏడికెళ్ళి వచ్చినయే?"

"నన్నడుగుతవేంది, పోయి వాళ్ళనడుగు" అని యాదయ్య నవ్వాడు. ఆ రోజు ఆయన దేనికైనా నవ్వేలా ఉన్నాడు.

వాళ్ళను రెండో వరుసలో కూర్చోబెట్టింది. తను అదే వరుసలో నడవ పక్క కుర్చీలో కూర్చుంది.

టీ విరామంలో మంజుల వచ్చి పలకరించింది. బడంగ్‌పేట్ దగ్గర ఒక కాలేజీలో ఆమె ఒక్కతే రీసెర్చ్ ఆఫీసు నడుపుతుంది. మొదట్లో ఒక సాయంత్రం గడువుకు ముందు దరఖాస్తు పోర్టల్ తెరుచుకోక ఏడుస్తూ సహాయ ఫోన్‌కు చేసింది. అవతల అనుపమ ఉంది. ఆ తర్వాత చాలా నేర్పింది. తర్వాత తనకు ప్రమోషన్ వచ్చి పని పెరిగినప్పుడు, కొన్నాళ్ళు ఈ ఫోన్ నువ్వు చూడు మంజులా అని అప్పగించింది. ఆ కొన్నాళ్ళు ఇంకా అయిపోలేదు. ఇప్పటికీ సంఘంలో దాన్ని అనుపమగారి ఫోన్ అనే అంటారు. అనుపమ ఎప్పుడూ సరిదిద్దలేదు. అబద్ధం చెప్పలేదు, సరిదిద్దలేదు, అంతే.

మంజుల యాదయ్యకు నమస్తే పెట్టి, చాయ్ తాగినవా బాపూ అని అడిగి, కప్పు తెచ్చి ఇచ్చి వెళ్ళింది. అప్పుడే సూర్యప్రకాశరావుగారు అనుపమను పక్కకు పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు.

"ప్రశంసాపత్రం. మీరే చదవాలి, మీ చేతుల మీదుగానే ఇవ్వాలి. మంజులకు ఇస్తున్నామమ్మా. నేర్పినవాళ్ళే ఇస్తే బాగుంటుందని అందరం అనుకున్నాం. స్టేజీ మీద మిమ్మల్ని పరిచయం చేయడానికే ఆ వివరాలు అడిగాను."

ఆమె కాగితం వైపు చూసింది. అక్షరాలు ఉన్నాయి, మాటలు కనిపించలేదు.

ఆయన గొంతు తగ్గించాడు. "నిజం చెప్పాలంటే మీ పేరు ఎప్పుడో వచ్చిందమ్మా. ఒకసారి కాదు. నేనే వద్దన్నాను. ఆవిడకు ఇలాంటివి గిట్టవు, నొచ్చుకుంటారు, ఆవిడ నిరాడంబరతను మనం గౌరవించాలని చెప్పాను."

"మంచి పని చేశారు సర్" అంది అనుపమ. ఆ మాట అలవాటుగా, ఏ అడ్డూ లేకుండా, చక్కగా వచ్చేసింది.

వెనక్కి వచ్చి కూర్చుంటే తండ్రి ఆమెవైపు ఒంగి, చేతిలో కాగితం చూసి తల ఊపాడు. ఏమీ అడగలేదు. ఇప్పుడే చెప్పేయవచ్చు. బాపూ, నాకు కాదు, మంజులకు. మూడు మాటలు. ఆమె మనసు వెంటనే చెప్పకుండా ఉండటానికి కారణాలు వెతికిపెట్టింది. ఇప్పుడు చెబితే ముసలాయన చిన్నబోతాడు, బాలమల్లు ముందు తలదించుకుంటాడు, సభ అయ్యాక నెమ్మదిగా చెప్పవచ్చు. కారణాలన్నీ తండ్రివే. ఒక్కటీ ఆమెది కాదు. దరఖాస్తుల్లో ఇతరుల లాభం కోసమే అన్నట్టు రాయడం ఆమెకు వచ్చిన విద్యే.

పేరు పిలిచారు. ఎవరి మోకాళ్ళూ తగలకుండా లేచింది.

ప్రశంసాపత్రం ఇంగ్లీషులో ఉంది. ఆమె గొంతు బాగుంది, ఎక్కడా వణకలేదు. మంజుల పేరు చదివినప్పుడు హాలు వెనక వరుసల్లోంచి చప్పట్లు వచ్చాయి. ఫోన్ చేసి ఏడ్చినవాళ్ళంతా అక్కడే కూర్చున్నట్టున్నారు. తర్వాతి వాక్యంలో, ఇన్నాళ్ళుగా సహాయ ఫోన్ బాధ్యత మొత్తం ఆమె ఒక్కతే మోసిందని ఉంది. ఆ 'ఒక్కతే' దగ్గరకు అనుపమ చూపు ముందే వెళ్ళి, అక్కడ ఆగి, దాన్ని దాటింది. నోరు కూడా దాటింది. సహాయ ఫోన్ బాధ్యత మోసిందని చదివింది. వాక్యం ఏమీ కుంటుపడలేదు. ఎవరికీ తెలియలేదు. ఒక్క మాట దాచుకోవడానికి ఎంత తక్కువ శ్రమ పడుతుందో ఆమెకు అప్పుడే తెలిసింది.

గాజు జ్ఞాపిక బరువుగా ఉంది. మంజుల స్టేజీ ఎక్కి వచ్చి రెండు చేతులూ చాచింది. కింద బాలమల్లు ఫోన్ ఎత్తి పట్టుకుని నడవలోకి వచ్చాడు. అనుపమ నవ్వింది. మంజుల వేళ్ళు ఆమె వేళ్ళకు తగిలాయి, ఆగాయి, మెల్లగా లాగాయి. ఆ లాగడం తెలిశాకే తను ఇంకా వదల్లేదని ఆమెకు తెలిసింది.

భోజనాల దగ్గర జనంలో తండ్రి కోసం వెతికింది. ఆయన పెరుగు వడ్డించే అబ్బాయికి ఏదో చెబుతున్నాడు. దగ్గరకు వెళ్ళేసరికి విషయం అర్థమైంది. గా కాయితం సదివింది నా బిడ్డే, ఆమెకే ఇచ్చిండ్రు అంటున్నాడు. ఆయన చూసింది అదే మరి. పేరు పిలిచారు, బిడ్డ లేచింది, ఇంగ్లీషులో చాలాసేపు చదివింది, అందరూ చప్పట్లు కొట్టారు, గాజు బిళ్ళ బిడ్డ చేతిలో ఉంది. తర్వాత ఆ చాయ్ తెచ్చిచ్చిన పిల్ల వచ్చి దాన్ని జాగ్రత్త చేయడానికి తీసుకుంది.

అంతలో మంజుల ప్లేటు ఒక చేత్తో, జ్ఞాపిక ఒక చేత్తో పట్టుకుని అటే వచ్చింది. యాదయ్య ముఖం వెలిగింది.

"నువ్వు వట్టుకున్నవా తల్లీ. ఇటియ్యి, జర జూస్త. మా అనుపమకు వచ్చింది గదా."

మంజుల ఆయన ముఖం చూసింది. తర్వాత అనుపమ ముఖం చూసింది. ఆ రెండో చూపు ఎక్కువసేపు లేదు. ఆమె ప్లేటు పక్కన పెట్టి, జ్ఞాపికను పేరు ఉన్న వైపు కిందికి తిప్పి, రెండు చేతులతో ఆయనకు ఇచ్చింది.

"అవు బాపూ, అక్కదే. నేను ఊకె పట్టుకున్న" అంది.

యాదయ్య తువ్వాలు కొసతో గాజును తుడిచాడు. తన చేతి పెరుగే దానికి అంటింది, మళ్ళీ తుడిచాడు. ఆయన చదవలేడు. బాలమల్లుకు కూడా చూపించాడు. ఆ కాసేపూ అనుపమకు నోరు తెరవడానికి బోలెడు వ్యవధి ఉంది. మంజుల చేసిన ఉపకారం వెచ్చగా, మెత్తగా, ముడుచుకుని కూర్చోవడానికి వీలుగా ఉంది. అందులోనే ఉండిపోవచ్చు. మంజుల జీవితంలో ఎన్నడూ ఎవరికీ చెప్పదు. అది తెలిసే తను ఇంతసేపు నిజం చెప్పలేదన్న సంగతి కూడా అనుపమకు తెలుస్తూనే ఉంది. స్టేజీ మీద ఎవరూ చూడలేదు. ఇక్కడ ఒకరు చూశారు, చూసి దుప్పటి కప్పారు. ఆ దుప్పటి కింద ఊపిరాడలేదు.

"నాది కాదు బాపూ" అంది. "ఆమెదే. ఆమెకు ఇచ్చిండ్రు. నేను చదివి ఇచ్చిన, అంతే."

యాదయ్య చేతిలోని గాజును చూశాడు. కోపం రాలేదు. దాన్ని మంజుల చేతిలో జాగ్రత్తగా పెట్టి, మంచిగున్నది తల్లీ అన్నాడు. తర్వాత కూతురివైపు తిరిగాడు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నట్టు, మెల్లగా అడిగాడు.

"మరి నన్నెందుకు పిలిచినవ్ బిడ్డా?"

ప్రశ్న అడిగారు. దీనికి ఏ నిబంధనా లేదు, ఏ జవాబు రాస్తే మంజూరవుతుందో ఆమెకు తెలియలేదు. మంచి భోజనం ఉంటుందని పిలిచానని చెప్పవచ్చు. బాలమల్లు అప్పటికే బిర్యానీ వైపు చూస్తున్నాడు. ఎవరూ కాదనరు.

"నాకే వస్తదనుకున్న బాపూ."

 మంజుల తల వంచుకుంది. ఏం కాదక్కా అంది, చాలా చిన్నగా. ఆ మాటతో అనుపమకు గుండెలో ఏదో సడలింది. నిజం చెప్పేశాననిపించింది. ఆ తేలిక పూర్తిగా రాకముందే, స్టేజీ మీద దాటేసిన ఆ ఒక్క మాట అడ్డం వచ్చింది. అది ఇంకా నోట్లోనే ఉంది. దాని గురించి ఎవరూ అడగలేదు. ఇంత ఒప్పుకున్నా ఎవరూ అడగని దాన్ని మాత్రం అట్టే పెట్టుకున్న తనను చూసి, ఆమె ఆ తేలికదనానికే సిగ్గుపడింది.

యాదయ్య ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, చేతికి పెరుగు అంటి ఉందని చూసుకుని మానేశాడు. పా, ఏమన్న తిందువు అన్నాడు.

బాలమల్లు ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. ఫోన్ ముందుకు చాచాడు.

"మరి గీ ఫోటో తీసెయ్యాల్నా బిడ్డా? మా గ్రూపుల ఇంకా పెట్టలె."

ఆమె చూసింది. ఫోటో చక్కగా వచ్చింది. మధ్యలో గాజు మెరుస్తోంది. మంజుల చేతులు కింద, అరచేతులు తెరుచుకుని ఉన్నాయి. తన వేళ్ళు మాత్రం, పట్టుజారితే పడిపోతామేమో అన్నట్టు, గోళ్ళు తెల్లబడేలా అంచును పట్టుకుని ఉన్నాయి. పైన ముఖం నవ్వుతోంది. ఎన్నో మీటింగుల్లో పక్కకు జరిగిన ముఖం అదే.

"తీసెయ్యకు కాకా" అంది. "నాకు పంపు."

తర్వాత మంజులవైపు తిరిగింది. స్టేజీ మీద దాటేసిన ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కుంటూ, ఇట్ల రా, నీతోని ఒక చిన్న పనుంది అంది.