చినుగులు లోపలికి

మా చేతి బొంతకు ఒకటే పద్ధతి. బాగున్న గుడ్డ పైకి, చినిగింది లోపలికి. మా అమ్మ నాకట్లా నేర్పింది, నేను నా చెల్లెలు శిరీషకు నేర్పాను. కుట్టులో మాత్రం అది నాకు సరిరాదు. ఈ మాట దాని ముందే అంటాను.

శిరీషకు ఇది తొలి కాన్పు. అమ్మ లేదు కాబట్టి దానికి పుట్టిల్లంటే శంషాబాద్‌లోని మా ఇల్లే. పుట్టబోయే బిడ్డకు జనవరిలో బొంత మొదలుపెట్టాను. మామూలు బొంత కాదు. పన్నెండు గళ్లు, ఏ గడికి ఆ గడి వేరే తీరు. ఒకదాంట్లో ముక్కోణాలు, ఒకదాంట్లో చాపల్లిక, ఇంకోదాంట్లో గాలిపటాలు. తల్లి కట్టి విడిచిన గుడ్డలైతే పసి ఒంటికి మెత్తగా ఉంటాయని పాత చీరలు పంపమన్నాను.

మూటలు దాని భర్త జగదీశ్ తెచ్చేవాడు. కొత్తూరులో ఒక ఫ్యాక్టరీ వ్యాను నడుపుతాడు. ఎయిర్‌పోర్టు కార్గోకు సరుకు తెచ్చిన రోజున మా గుమ్మం దగ్గర ఆగేవాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. చెప్పులు వరసగా విడిస్తే గాని లోపలికి రాడు. ఇంత పద్ధతైన మరిది దొరికాడని వాడకట్టంతా చెప్పుకున్నాను. ఆ నోటిని ఇప్పుడు ఏం చేసుకోవాలో తెలియదు.

"శిరీష ఫోన్ ఎత్తుతలేదేంది?" అని అడిగాను.

"పాడైంది వదినె. బాగుచేయనిచ్చిన."

నెల తర్వాత అడిగినా అదే మాట. నేనే వస్తానంటే, "నీకెందుకు పరేషాన్, మేమే వస్తం" అనేవాడు. మాట్లాడాలంటే అతని ఫోన్లోనే, స్పీకర్ పెట్టి. "మంచిగున్న అక్కా" అనేది శిరీష. వెంటనే, "మూట ఇప్పి సూసినవా?" అని అడిగేది. చూసిన, మంచి ముక్కలే ఎల్లినయ్ అనేదాన్ని. ఆ మాట వినగానే ఫోన్ జగదీశ్‌కిచ్చేసేది.

ఏడో నెలలో తీసుకొచ్చుకుంటామంటే డాక్టర్ ప్రయాణం వద్దన్నాడన్నాడు జగదీశ్. ఎనిమిదో నెలలో ఇంకో పది దినాలన్నాడు. నాకు లోపల గుబులుగానే ఉండేది. కానీ చేతిలో పనుంటే గుబులు కాస్త ఆగుతుంది. నేను కుట్టుకుంటూ కూర్చున్నాను.

ఐదో మూట మొన్న సోమవారం వచ్చింది. విప్పితే పసుపు నూలు చీర. ఉగాదికి జగదీశ్ చేతికిచ్చి నేనే పంపిన చీర. ఇంకా గంజి కూడా పూర్తిగా పోలేదు. భుజం మీదికి వచ్చే చోట జానెడు చినిగి ఉంది.

గుడ్డ పాతబడి చినిగితే ముందు పలచబడుతుంది. చినుగు చుట్టూ పోగులు అరిగిపోయి ఉంటాయి. ఇది దిట్టమైన గుడ్డ. పోగులు సాగి సాగి తెగాయి. ఎవరో పట్టి గుంజితే తప్ప అట్లా చినగదు. ఇరవై ఏళ్లుగా బొంతలు కుడుతున్నదాన్ని, నాకింత తెలియదా?

తెలియలేదు. అంతకుముందు వచ్చిన నాలుగు మూటల్లోనూ చినుగు కనబడగానే పక్కనుంచి కత్తెర పోనిచ్చి మంచి ముక్క తీసుకున్నాను. చినిగిన ముక్కలను బొంత మందం కోసం లోపల పరిచేశాను.

బొంతను నేల మీద వేసి బ్లేడుతో కుట్లు విప్పాను. అప్పటికి తొమ్మిది గళ్లు పూర్తయ్యాయి. లోపలి ముక్కలు ఒక్కొక్కటే తీశాను. నీలం చీర, భుజం దగ్గర. గళ్ల చీర, భుజం దగ్గర. రెండు జాకెట్లు, రెండూ ఎడమ చేతి కుట్టు దగ్గర. ఒక కొంగుకు ఉతికినా పోని గోధుమరంగు మరక. అన్నింటినీ నా చేతులతోనే లోపలికి తోసి, పైన గాలిపటాలు కుట్టాను. నా మీద నాకే అసహ్యమేసింది.

నా భర్త దశరథం ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. ఫోన్ చేస్తే ప్యాసింజర్‌ను దింపి నేరుగా ఇంటికి వచ్చాడు. ముక్కలు చూశాడు. "నడువు" అన్నాడు, అంతే. బెంగళూరు రోడ్డు మీద కొత్తూరుకు బయల్దేరాం. మనిషి ప్రాణాలతో ఉందో లేదో అన్న ఒక్క ఆలోచనే నాకు.

మిట్టమధ్యాహ్నం. వాళ్ల ఇంటికి బయటి నుంచి తాళం వేసి ఉంది. కిటికీ దగ్గరికి పోయి "శిరీ!" అని పిలిచాను. మళ్లీ పిలిచాను. లోపల ఏదో కదిలింది. గోడ పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. ఒక చేయి పొట్ట మీద ఉంది. పెదవి చిట్లి ఉంది.

దశరథం కారులోంచి ఇనుపరాడ్ తెచ్చి తాళం మీద కొట్టడం మొదలుపెట్టాడు.

"వచ్చినం బిడ్డా, ఇగ భయపడకు" అన్నాను కిటికీ ఊచలు పట్టుకుని.

అది ఏడవలేదు. నన్నే చూస్తూ నిలబడింది.

"గుడ్డ సూస్తె నీకు తెలుస్తదనుకున్న అక్కా" అంది. "ఐదు మూటల్ల ఒక్క మంచి చీర గూడ పెట్టలే. చినిగినయే ఏరి ఏరి పంపిన."

తాళం ఊడిపడింది. లోపలికి పోయి దాన్ని పట్టుకున్నాను గాని, ముఖంలోకి చూడలేకపోయాను.