ఆఖరి కంచం

భర్త సాక్సుల్ని ఆమె జతలు కలుపుతుండగా ఫోన్ మోగింది. పెళ్లయి నాలుగు నెలలైనా, తన బట్టలూ అతని బట్టలూ ఒకే తీగ మీద ఆరడం చూస్తే ఆమెకి ఇంకా నవ్వొస్తుంది. గుండెల్లో మంటకని అత్తగారికి చేయించిన పరీక్ష ఫలితం ఇవాళే రావాలి; ఒక చేతిలో సాక్సు ఉండగానే ఫోనెత్తింది.

"కేన్సర్ లేదమ్మా. ముందు మీ అత్తగారికి ఆ మాట చెప్పు," అంది ల్యాబులో ఆమెతో పనిచేసే డాక్టరమ్మ. "కానీ పొర మారింది. బారెట్స్. నీకు నేను చెప్పేదేముంది!"

నిజమే. ఆమె ఉద్యోగమే అది. కడుపులోని ఆమ్లం ఏళ్ల తరబడి పైకి తన్నుతుంటే, ఆహారనాళం లోపలి పొర ఓర్చుకుని ఓర్చుకుని చివరికి తన తీరే మార్చుకుంటుంది. పేగు పొరలా తయారవుతుంది. దానికే బారెట్స్ అని పేరు. అలా మారినవాళ్లలో ఎక్కువమందికి ఏమీ కాదు. కొద్దిమందికి మాత్రం అదే కేన్సర్‌కి తొలిమెట్టు. ఆ కొద్దిమంది ఎవరో ముందే పసిగట్టడమే వాళ్ల ల్యాబు పరిశోధన. చేరిన కొత్తలో, నమూనాలన్నీ దాదాపు మగవాళ్లవే ఎందుకున్నాయని అడిగింది. "ఆడవాళ్లకి తక్కువ వస్తుంది. పరీక్షకి వచ్చేవాళ్లు ఇంకా తక్కువ," అంది డాక్టరమ్మ, మైక్రోస్కోప్ నుంచి కళ్లు తీయకుండానే.

హాల్లోకి వెళ్లి చెప్పింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"నేను చెప్పలా? ఉత్త గ్యాసు!" అన్నారు మావగారు. "ఏమోయ్, రేపు తమ్ముడివాళ్లని భోజనానికి పిలుద్దామా?"

"పిలవండి, దానికేం," అంటూ అత్తగారు అప్పుడే వంటింట్లోకి నడిచారు.

"గ్యాసు కాదు మావయ్యా..."

"కేన్సర్ లేదన్నారా, లేదా?"

"లేదన్నారు. కానీ..."

"మరింకేం! పిచ్చుకా, మైక్రోస్కోపుని ఇంటికి తేకు," అని భర్త ఆమె బుగ్గ గిల్లాడు. ఇంకో రోజైతే ఆ బుగ్గ సాయంత్రం దాకా వెచ్చగా ఉండేది.

మావగారు వార్తలు చూస్తూ పెందలాడే తినేస్తారు. తనూ భర్తా ఆఫీసులయ్యాక చెయ్యీ చెయ్యీ పట్టుకుని వీధులన్నీ తిరిగి, ఎప్పటికో ఇల్లు చేరతారు. వచ్చేసరికి అత్తగారు మళ్లీ పొయ్యి వెలిగించి కూర వేడి చేస్తారు. మూత తీయగానే ముఖానికి తగిలే ఆ ఆవిరి తన కొత్త కాపురంలోని సంతోషాల్లో ఒకటి. "మా అత్తయ్య బంగారం అమ్మా, మేం తినేదాకా ముద్ద ముట్టరు," అని అమ్మకి ఫోన్లో గొప్పగా చెప్పింది కూడా. తాము తిన్నాక ఆవిడ అడుగూ బొడుగూ ఊడ్చుకుని, నిలబడే నాలుగు ముద్దలు మింగి, గిన్నెలు కడిగి, వెంటనే నడుం వాలుస్తారు. తిన్న వెంటనే పడుకోవద్దని రోజూ పేషెంట్లకి ఫోన్లో చెప్పేది తనే. ఆ మాట ఇంట్లో ఎందుకు తోచలేదు? తన ముందుకొచ్చే గిన్నె వేడిగా ఉంది కాబట్టి తోచలేదు.

వంటింట్లోకి వెళ్లింది.

"అత్తయ్యా, ఈ మంట ఎప్పట్నుంచి?"

"వీడు కడుపులో పడ్డప్పట్నుంచి తల్లీ. కాన్పయితే పోతుందన్నారు." ఆవిడ నవ్వారు. "వాడు పుట్టాడు, అది ఉండిపోయింది."

"మళ్లీ పరీక్షకి వెళ్లాలి. ఏళ్ల తరబడి, అప్పుడప్పుడూ చూపించుకుంటూనే ఉండాలి."

"చూద్దాంలే. అప్పటికి నీ పురుళ్లూ, పసిపిల్లలూ... నాకెక్కడ తీరుతుంది?"

"ఈలోగా కాస్త పెందలాడే తినకూడదా?"

"భలేదానివే! మీరెవరూ తినకుండా నాకు ముద్ద దిగుతుందా?"

ల్యాబులో ఆడవాళ్ల నమూనాలు ఎందుకు తక్కువో ఆమెకి ఇప్పుడు ఇంకొంచెం తెలిసింది. కోపం రాలేదు. ఆవిడ చేతిలోని గరిటె నెమ్మదిగా తీసుకుని, పొయ్యి ఆర్పి, హాల్లోకి వచ్చింది.

"మావయ్యా, చిన్నమావయ్యావాళ్లని తప్పకుండా పిలవండి. వడ్డన మీది."

"నాదా?" అన్నారాయన, రిమోట్ పట్టుకునే.

"మీదే." భర్త వైపు తిరిగింది. "రేపు నువ్వు నాతోపాటే లేస్తున్నావు. కూరలు తరగడం నీది, వండడం నాది."

"నాకేం వచ్చు పిచ్చుకా?"

"చేస్తే వస్తుంది, నాకూ అలాగే వచ్చింది. పొద్దు వాలకముందే అత్తయ్యకి కంచం పెడతాం. ఆవిడ కూర్చుని, తిని, లేచేదాకా ఈ భోజనాల బల్ల దగ్గర ఇంకెవరూ కూర్చోరు."