పక్క సీటు గంట

నేను ఒక ఎర్రటి స్పోర్ట్స్ కారుని. ఉన్నవి రెండే సీట్లు. ఎత్తు మీ నడుం దాకా ఉంటాను, కూత మాత్రం పక్క వీధి దాకా వినిపిస్తుంది. విశాఖపట్నంలో, భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు పక్కన, సెకండ్ హ్యాండ్ కార్లు అమ్మే యార్డులో నిలబడి మీతో మాట్లాడుతున్నాను. గొప్పలు పోతోంది అనుకుంటే అనుకోండి గానీ, నా పక్కన ఆగి ఫోటో దిగకుండా వెళ్లిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. కొనమంటే మాత్రం అందరికీ ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. ఎందుకంటారా? నా పక్క సీటులో ఒకావిడ ఉండేది.

అప్పుడే భయపడకండి, మొదట్నుంచీ చెబుతాను.

ఎక్కడో చలిదేశంలో పుట్టాను. తెల్లటి చేతితొడుగులు వేసుకున్నవాళ్లు నన్ను బిగించి, తుడిచి, నా నునుపు చూసుకుని మురిసిపోయి ఓడ ఎక్కించారు. పంపేముందు ఒక బుద్ధి నేర్పారు. సీటులో మనిషి బరువు తెలిసీ బెల్టు పెట్టుకోకపోతే గంట కొట్టాలి, పెట్టుకునేదాకా ఊరుకోకూడదు. మీకు సరిగ్గా ఆ బుద్ధే గిట్టదని అప్పుడు నాకేం తెలుసు!

నన్ను మొదట కొన్నది ఫణీంద్ర, రొయ్యపిల్లల హేచరీ యజమాని. షోరూములో నన్నూ, ఇంకో మెత్తటి కారునీ పక్కపక్కన పెట్టి చూపించారు. "రోజూ ఎక్కేదాన్ని నేను కూడా కదండీ, ఆ రెండోది తీసుకుందాం. దీన్ని చూస్తేనే గుండె దడగా ఉంది" అంది ఆయన భార్య సుభాషిణి. "సరదా లేని కారెందుకే, ఆటో ఎక్కితే పోలా!" అని ఆయన నా తాళం అందుకున్నాడు. కొబ్బరికాయ కొట్టారు, గుమ్మడికాయతో దిష్టి తీశారు, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. రక్షణలన్నీ చేశారు, బెల్టు ఒక్కటి తప్ప.

సుభాషిణికి బెల్టంటే పడదు. పట్టుచీర నలిగిపోతుందనేది, ఊపిరాడదనేది. నేను గంట కొట్టేదాన్ని. "అబ్బబ్బ, మా అత్తగారి నసైనా భరించొచ్చు గానీ దీని నస భరించలేనండీ బాబూ!" అనేది. నాకు నవ్వొచ్చేది. ఆవిడంటే నాకిష్టం, నా తలుపు ఎప్పుడూ మెల్లగా వేసేది. ఒకరోజు ఫణీంద్ర ఏదో కొట్లోంచి చిన్న ఇనప క్లిప్పు తెచ్చాడు. బెల్టు నాలిక దూరాల్సిన చోట దాన్ని దూరిస్తే, బెల్టు పెట్టుకున్నారనుకుని నేను నోరు మూసుకుంటాను. అది దూర్చి ఇద్దరూ హమ్మయ్య అనుకున్నారు.

ఒక మధ్యాహ్నం మంగమారిపేట దాటాక వంపులో గేదె అడ్డొచ్చింది. ఆయన బ్రేకు నొక్కాడు. నేను ఆగాను, ఆగడంలో నాకు సాటి లేదు. బెల్టు పట్టుకోబట్టి ఆయనా ఆగాడు. ఆవిడ ఆగలేదు.

నాకు ముందు అద్దం మార్చారు, సీట్లకు కొత్త తోలు వేశారు, ఆ క్లిప్పు ఊడదీసి ముందు డబ్బాలో పడేశారు. షెడ్డు నుంచి ఫణీంద్ర ఒక్కడే నన్ను ఇంటికి తీసుకెళుతుంటే పక్క సీటు గంట మోగింది. నా మీద ఒట్టు, నేను కావాలని కొట్టలేదు. ఖాళీ సీటులో బరువు తెలిసింది. నాకు బాగా తెలిసిన బరువే. ఆయన నన్ను రోడ్డు పక్కకు తీసి, సీటు కేసి తిరిగి, "పెట్టుకోవే సుభా, నీకు దణ్ణం పెడతా, పెట్టుకోవే" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. మర్నాడే నన్ను ఈ యార్డులో వదిలేసి వెళ్లాడు.

యార్డు చూసుకునే పైడిరాజు నోరున్న మనిషి. మెకానిక్కులను పిలిపించి సెన్సారు మార్పించాడు, వైర్లు మార్పించాడు. గంట మోగుతూనే ఉంది. సినిమాల్లోలాగా మల్లెపూల వాసనా, గజ్జెల చప్పుడూ ఏమీ లేవండీ. ఉత్త బరువు. ఎండకి నా లోపలంతా పెనంలా కాలిపోతుంటే ఆ సీటు మాత్రం చల్లగా ఉండేది.

అలాంటి రోజుల్లో భార్గవ్, ఇందుమతి అనే కొత్త దంపతులు వచ్చారు. ఇద్దరికీ మధురవాడలో ఒకే ఆఫీసు. రోజూ కలిసి వెళ్లడానికీ, సరదాగా తిరగడానికీ ఒకే కారు కావాలట. నా పక్కనున్న నీలంది కూడా స్పోర్ట్స్ కారే గానీ ఒద్దికైంది. నాలుగు తలుపులు, నేలకి తగలని పొట్ట. భార్గవ్ చూపు నా మీద, ఇందుమతి చూపు దాని మీద.

"ఆ ట్రాఫిక్కులో దీన్నేం చేసుకుంటాం? స్పీడు బ్రేకరు వస్తే దిగి మొయ్యాలి" అంది ఇందుమతి.

"ఆదివారాలు ఉన్నాయిగా!"

"ఉన్నాయి. సోమవారాలు కూడా వస్తాయి మహానుభావా."

"ఏటమ్మా అలాగనేస్తారు! ఇలాటి బండి మళ్లీ దొరుకుతాదేటి? ఓపాలి తోలి సూడండి సార్" అని పైడిరాజు నా తాళం భార్గవ్ చేతిలో పెట్టాడు.

ఇందుమతి ఎక్కగానే బెల్టు పెట్టుకుంది. అయినా గంట మోగింది. సీటులో రెండు బరువులున్నాయి, ఒకదాని ఒడిలో ఒకటి; బెల్టు మాత్రం ఒకరికే. "ఏమిటీ, ఈ సీటు ఇంత చల్లగా ఉంది!" అని ఆ పిల్ల భుజాలు ముడుచుకుంది. రుషికొండ దాటేదాకా మోగుతూనే ఉంటే భార్గవ్‌కి చిరాకెత్తి పైడిరాజుకి ఫోన్ చేశాడు.

"ఓ, అదా సార్! ముందు డబ్బాలో క్లిప్పుంటాది, ఎట్టేయండి, నోరు మూసుకుంటాది."

ఆ క్లిప్పు పెట్టాలంటే బెల్టు తియ్యాలి. ఇందుమతి తీసింది. క్లిప్పు దూర్చింది. నా నోరు పడిపోయింది. భార్గవ్ ఊపు మీద తొక్కాడు, మంగమారిపేట ఇళ్లు వెనక్కి పోయాయి, ఆ వంపు దగ్గరపడుతోంది. ఓరి నాయనా, ఎలా చెప్పను?

టింగున క్లిప్పు ఎగిరి ఇందుమతి కాళ్ల దగ్గర పడింది. వంగి తీసి మళ్లీ దూర్చింది. ఈసారి ఎగరలేదు. ఎవరో గోళ్లతో పట్టి లాగుతున్నట్టు మెల్లగా, మెల్లగా బయటికొచ్చింది, నా గంట మళ్లీ అందుకుంది. ఇద్దరూ చూశారు. భార్గవ్ కాలు దానంతటదే పైకి లేచింది. ఆ తర్వాత బెల్టు కదిలింది. చుట్ట లోంచి జానా జానా సాగి ఇందుమతి ఎదురుగా వచ్చి గాలిలో ఆగింది, అందుకోమన్నట్టు.

ఆ పిల్ల కెవ్వుమంటుందనుకున్నాను. ముఖంలో నెత్తుటి చుక్క లేదు గానీ చెయ్యి చాపింది. ఆ చేతికి ఇంకేదో చల్లగా తగిలిందని నాకు తెలుసు. "పెట్టుకుంటున్నానండీ... ఇదిగో, పెట్టేసుకున్నా" అంది, ఎవరో పెద్దావిడతో అన్నట్టు. టక్కుమంది బెల్టు, ఈసారి ఇద్దరికీ కలిపి. గంట ఆగిపోయింది.

వంపు తిరిగితే రోడ్డుకి అడ్డంగా చెడిపోయిన ఇసుక లారీ. భార్గవ్ బ్రేకు మీద నిలబడ్డాడు. నేను ఆగాను. భార్గవ్ ఆగాడు. బెల్టు పట్టి వెనక్కి గుంజితే ఇందుమతి ముఖం అద్దానికి జానెడు ఇవతల ఆగింది.

మెల్లగా తోలుకుంటూ యార్డుకి తిరిగొచ్చారు. నీలం కారు తీసుకున్నారు. నాకు వాళ్ల మీద కోపం లేదు. గేటు దాటుతుంటే దాని గంట మోగింది, వెంటనే ఇందుమతి గొంతు వినిపించింది: "అయ్యో, మర్చిపోయానండీ, ఇదిగో!" గంట ఆగింది. అదే క్షణంలో నా పక్క సీటు తేలికైపోయింది. మధ్యాహ్నానికల్లా మిగతా కారుతో పాటే వేడెక్కింది. ఆవిడ మొదట అడిగింది కూడా అలాంటి కారునే కదా.

ఈ రోజు ఇద్దరు స్నేహితులు వచ్చి నన్ను బేరం చేశారు. ఖాళీ సీటు మోగట్లేదని పైడిరాజు నా బానెట్ మీద ముద్దు పెట్టుకున్నాడు. రెండోవాడు ఎక్కి బెల్టు పెట్టుకోలేదు, నేను గొంతు చించుకున్నాను. "దీని నోరు మూయించే మార్గం లేదా అన్నా?" అని వాడు నవ్వాడు. పైడిరాజు ముందు డబ్బా తెరిచాడు.

సుభాషిణమ్మా అని పిలిచాను. పక్క సీటులో ఆ కుర్రాడి బరువు ఒక్కటే ఉంది.