ఏది ముడి, ఏది దోమ

పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లడం, ఆపరేషన్ గది ముందు నుంచి తల తిప్పకుండా నడవడం, నడవా చివరి బట్టల గదిలో కూర్చుని ఉతికొచ్చిన దుప్పట్లలో చిరిగినవి ఒక పక్కకి, మరక వదలనివి ఒక పక్కకి వేయడం. ఇదీ ఇప్పుడు డాక్టరమ్మ ఉద్యోగం. ఊళ్లో సగం పొట్టల మీద ఆవిడ కుట్లే ఉన్నాయి. అయినా చిరిగిన దుప్పటి కుట్టే అధికారం కూడా ఆవిడకి లేదు. సూది సూదే కదా అన్నాడు పెద్ద డాక్టరు.

జరిగింది ఇంతే. ఒక ముసలాయనకి ఆవిడ వేసిన కుట్లు లోపల విడిపోయాయి, మనిషి దక్కలేదు. ఏమైందని ఆయన కూతురు అడిగింది. అడిగినదానికి జవాబు చెప్పడం డాక్టరమ్మకి చిన్నప్పట్నుంచీ ఉన్న జబ్బు. దారం పుచ్చుదమ్మా, చవగ్గా వస్తోందని కొన్నారు, వద్దని నేను మొత్తుకుంటూనే ఉన్నాను అని చెప్పేసింది. ఆ దారం కొన్నది పెద్ద డాక్టరు. దాంతో డాక్టర్ల సంఘం కూర్చుంది. తప్పు దారానిది కాదు, నా చేతిదే అని సంతకం పెట్టేదాకా ఆవిడ ఈ దేశంలో కత్తి పట్టకూడదు, ఎవరికీ పాఠం చెప్పకూడదు అని తీర్మానించి లేచింది. చేతులు కట్టేసి, ఈత రాదేమని అడిగే రకం వాళ్లు. డాక్టరమ్మ సంతకం పెట్టనంది.

ఆవిడకి సంఘమంటే భయం లేదు. మరుపంటే భయం. ఇంట్లో అత్తగారిని చూస్తోందిగా. ఆ పెద్దావిడ మొదట పక్కింటావిడ పేరు మరిచిపోయింది, తర్వాత పొయ్యి ఆర్పడం మరిచిపోయింది, ఈమధ్య కన్నకొడుకునే పట్టుకుని ఎవరబ్బాయివి నాయనా అంటోంది. మరుపు దొంగలా రాదు, అద్దెకి దిగినవాళ్లలా వస్తుంది. ముందు ఒక గది అడుగుతుంది, చూస్తూండగానే వంటిల్లు కూడా దానిదే. రేపు ఈ వేళ్లలోనూ అలాగే దిగితే?

అందుకని సాయంత్రం ఇంటికి రాగానే డాబా ఎక్కి, దండేనికి దారం కట్టి ముళ్లు వేసేది. ఒంటిచేతి ముడి, రెండు చేతుల ముడి, చెయ్యి పట్టని లోతులో వేలి కొసతో బిగించే ముడి. పక్కన కుర్చీలో అత్తగారు బఠాణీలు ఒలుస్తూ, కాయ మంచిదా పుచ్చుదా అని ఒక్కదానికీ తడబడకుండా ఏరేది.

సాయంత్రమైతే ఎవరి నీడైనా సాగుతుంది. డాక్టరమ్మ నీడ కాస్త ఎక్కువ సాగేది. డాబా దిగి, రోడ్డు దాటి, రేవు దాటి, నది మీద పడవల్ని తడుముకుంటూ పోయి, అవతలి ఒడ్డున పరాయి దేశపు చిన్న ఆస్పత్రి తెల్లగోడ మీద నిలబడేది. ఆ వేళకి పడవవాళ్లు తెరచాపలు దించేసేవాళ్లు, పనిలో ఉన్న చేతికి అడ్డమెందుకని.

గోడ దగ్గర ఏం జరుగుతోందో ఇవతలికి కనబడదు. ఒక పడవవాడే వచ్చి చెప్పాడు. అక్కడి కుర్ర డాక్టర్లు గోడకి ఎదురుగా బల్లలు వేసుకుని, తలా ఒక దారం పట్టుకుని కూర్చుంటున్నారట. గోడకి కొత్తగా సున్నం కూడా కొట్టించారట. ఆ సాయంత్రం డాక్టరమ్మ ముళ్లు మామూలుకంటే నెమ్మదిగా వేసింది. వెనక బల్లవాళ్లకి కూడా అందాలి కదా.

మొగుడు నీళ్ల శాఖలో గుమాస్తా. మంచివాడు, నీళ్లలాగే ఎటు వాలుంటే అటు.

"ఒక్క సంతకం," అన్నాడు అన్నం దగ్గర. "పారెయ్యరాదూ? ఎవరు చదువుతారు దాన్ని?"

"నేను చదువుతానండీ," అంది డాక్టరమ్మ.

సంగతి పెద్ద డాక్టరు చెవిన పడింది. ఒక సాయంత్రం మెట్లన్నీ ఎక్కి, ఆయాసపడుతూ డాబా మీదికొచ్చాడు. ఆవిడ ముడి ఆపలేదు.

"నీ నీడ అవతల పాఠాలు చెబుతోందట."

"నేనూ విన్నానండీ. బాగానే చెబుతోందట."

"నిషేధం ఉందని గుర్తుందా?"

"చేతుల మీద ఉంది. నీడకి మీరెప్పుడూ జీతమివ్వలేదు, దాని మీద మీకేం హక్కు?"

ఆయన గొంతు తగ్గించాడు. అలా తగ్గించినప్పుడే ఆయనతో జాగ్రత్తగా ఉండాలి. సంతకం పెడితే రేపే కత్తి చేతికిస్తానన్నాడు. "ఎందుకమ్మా పంతం? చూస్తున్నానుగా, వేళ్లు మొద్దుబారుతున్నాయి నీకు. ఇంకొన్నాళ్లు పోతే నేనిద్దామన్నా నువ్వు పట్టలేవు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. వేళ్ల మధ్య దారం జారింది. అప్పుడు అత్తగారు బఠాణీల మీంచి తలెత్తి, "ఎవరే అమ్మాయ్ ఈయన? వెలుతురుకి అడ్డంగా నిలబడ్డాడు," అంది. డాక్టరమ్మ దారం మళ్లీ అందుకుంది.

మర్నాడు పెద్ద డాక్టరు పంపిన పనివాళ్లొచ్చి పిట్టగోడ పొడుగునా రేకులు బిగించిపోయారు, మనిషి మీద మనిషి నిలబడ్డా అందనంత ఎత్తున. సాయంత్రం నీడ వెళ్లి ఆ రేకుకి గుద్దుకుని, ముడతలు ముడతలుగా అక్కడే కూలబడింది. డాక్టరమ్మ కాసేపు దాన్ని చూసింది. చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, నిచ్చెన వేసి, నీళ్ల ట్యాంకు ఎక్కింది. అత్తగారు ఎవరూ చెప్పకుండానే లేచొచ్చి నిచ్చెన పట్టుకుంది. మొగుడు పరుగున వచ్చాడు.

"పడితే కాళ్లు విరుగుతాయే."

"కాళ్ల మీద నిషేధం లేదుగా."

ఆయన ఇటూ అటూ చూసి, నిచ్చెన రెండో కాలు పట్టుకున్నాడు. నీడ రేకుల మీదుగా నదిలోకి దూకింది.

ట్యాంకు మీద పిట్టగోడ లేదు, కుర్చీ లేదు. ఉన్నవల్లా దోమలు. వేసవంతా ఆవిడ వాటి మధ్యనే ముళ్లు వేసింది.

వానలు మొదలవబోతుండగా, ఒక సెలవు రోజున, వంతెన మీదుగా ఒక చిన్న డాక్టరు వచ్చింది. పాతికేళ్ల పిల్ల, అవతలి ఒడ్డు మనిషి. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "గోడ మీద మిమ్మల్ని చూసి నేర్చుకున్నవాళ్లం అమ్మా," అంది. ఎలా నేర్చుకున్నారో చూపించమంది డాక్టరమ్మ. పిల్ల కుర్చీ చేతికి దారం చుట్టి మొదలుపెట్టింది. మొదటి ముడి, రెండో ముడి. చెయ్యి తిరిగిన పనే. మూడో ముడి బిగించి, కుడిచెయ్యి చెవి దగ్గరికి పోనిచ్చి గాల్లో ఒక్కసారి విదిలించి, మళ్లీ దారం అందుకుంది.

"అదేమిటీ, చెవి దగ్గర?"

"మూడో ముడి తర్వాత మీరు చేస్తారు కదమ్మా. మేమందరం చేస్తాం. చెయ్యనివాళ్లకి మార్కులు తగ్గిస్తున్నారు."

"అది దోమే తల్లీ."

అత్తగారు నవ్వడం మొదలుపెడితే ఆపడం కష్టం. మొగుడు మంచినీళ్లు తెచ్చివ్వాల్సి వచ్చింది. పిల్ల కూడా నవ్వింది కానీ తొందరగా తేరుకుంది. "అందుకే వచ్చానమ్మా. నీడలో అన్నీ కనబడతాయి, బొటనవేలి వెనక ఏముందో కనబడదు. ఏది ముడో, ఏది దోమో చెప్పే మనిషి కావాలి మాకు."

వివరాలన్నీ చెప్పింది. వాళ్ల దేశంలో ఈ సంఘం మాట చెల్లదు. ముసలాయన సంగతి వాళ్లవాళ్లు విడిగా విచారించారు. అదే దారం వాళ్లకీ వస్తే, రెండు వేళ్లతో లాగి చూసి తిప్పి పంపించేశారు. మొదటి ఆర్నెల్లు అక్కడి పెద్ద సర్జను పక్కన నిలబడతాడు, ఆ తర్వాత ఆపరేషన్ గది ఆవిడదే, నేర్చుకునే పిల్లలూ ఆవిడ పిల్లలే.

డాక్టరమ్మ తన చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. ఎవరితోనూ అనని మాట అప్పుడు అంది. "ముళ్లంటే వేస్తూనే ఉన్నాను. కత్తి పట్టి ఎన్నాళ్లైందో. వేళ్లు మరిచిపోయి ఉంటే?"

"మరిచిపోతే మేం చెబుతాం," అంది పిల్ల. "మీరు నేర్పిందే కదా, మాకు వచ్చు."

మొగుడు గొంతు సవరించుకున్నాడు. ఏ సంతకం పెట్టమంటాడో అని డాక్టరమ్మ ఎదురుచూసింది. నదికి రెండు పక్కలా అవే నీళ్లు కదా, అక్కడా నీళ్ల శాఖ ఉంటుందా అని అడిగాడాయన. నన్ను వదిలేసి వెళ్తారేమో, నేను దార్లో అందరి ముందూ మీ పరువు తీస్తూ వెనకాలే వస్తాను అని అత్తగారు బెదిరించింది. ఆవిడని వదిలేసే మాట అసలు ఎవరూ అనలేదు.

బట్టల గది తాళం ఇవ్వడానికి వెళ్తే, పెద్ద డాక్టరు అది తీసుకోకుండా బల్ల మీద పెట్టమన్నాడు. తిరిగొస్తే మళ్లీ దుప్పట్లే అని గుర్తు చేశాడు. పోతూ పోతూ కూడా ఆ ఒక్క ముక్క రాసిచ్చి వెళ్లొచ్చుగా అన్నాడు.

"రాస్తానండీ," అంది డాక్టరమ్మ. "దారం పుచ్చుది అని రాస్తాను. సంతకం పెట్టమంటారా?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

వంతెన పొద్దుట దాటారు. ఎండ ఎదురుగా కొడుతుంటే, నీడ వెనక్కి తిరిగి పాత ఊరి వైపు ఓ బారెడు సాగి, మళ్లీ కాళ్ల దగ్గరికే వచ్చేసింది. మొగుడు పొయ్యి మోశాడు. అత్తగారు వచ్చేపోయే వాళ్లందరికీ, మా కోడలు డాక్టరు, పని మీద వెళ్తోంది అని చెప్పుకుంటూ నడిచింది. ఆ ఒక్క మాట దారి పొడుగునా మరిచిపోలేదు.

మొదటి రోజు బల్ల మీద ఉన్నది ఒక పడవవాడి భార్య, కడుపులో గడ్డ. మాట ప్రకారం పెద్ద సర్జను పక్కన నిలబడ్డాడు. నెత్తి మీద ఆపరేషన్ గది పెద్ద దీపం వెలిగించారు. ఆ దీపం కింద ఎవరికీ నీడ పడదు. డాక్టరమ్మ చెయ్యి చాచింది, కత్తి వచ్చి అరచేతిలో కూర్చుంది. ఒక్క క్షణం అది పరాయిదిలా ఉంది. తర్వాత చూపుడువేలు, ఎవరూ పిలవకుండానే, కత్తి వెన్ను మీద తన చోటుకి తనే వెళ్లింది.

ఆవిడ తలెత్తి చూసింది. చుట్టూ నిలబడ్డ కుర్ర డాక్టర్లంతా, పాపం, అలవాటు కొద్దీ ఆవిడకి వీపు తిప్పి, ఖాళీ గోడ వైపు కళ్లప్పగించి నిలబడ్డారు.

"గోడ వంక కాదు నాయనా," అంది డాక్టరమ్మ. "ఇటు తిరగండి. నా చేతుల వంక చూడండి."