పైకి లేవని డంప్‌స్టర్

డంప్‌స్టర్ అనే పెద్ద ఇనప చెత్తతొట్టిని అద్దెకిచ్చేవాళ్ళు ఫోన్లో ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: అందులో ఏం వేస్తారు? "ఇంట్లో పాత సామాను," అన్నాడు మెర్ల్ స్టకీ. అది పచ్చి అబద్ధం. ఆ వారం అతను ఇంటి కప్పు మీది పాత తారు పెంకులన్నీ పీకించి, కొత్తవి వేయించబోతున్నాడు. పక్కనే నిలబడ్డ భార్య లోర్నా గుడ్లు ఉరిమి చూసింది.

"పెంకులని చెప్పొచ్చు కదా!"

"చెప్తే పొట్టి తొట్టి అంటగడతారు. పెద్దదైతే ఒక్క విడతలో ఊడ్చుకుపోతుంది. మనం ఏం పోస్తే వాళ్ళకెందుకు?"

"పొట్టిది ఎందుకిస్తారో అడుగు పోనీ."

"అడిగేదేముంది, నాకు తెలీదా?"

అతనికి తెలియదు. తారు పెంకులు చూడ్డానికి అట్టముక్కల్లా ఉంటాయి గానీ, పోగేస్తే రాళ్ళంత బరువు. ముప్ఫై ఘనగజాల తొట్టిని వాటితో నింపితే ఏ లారీ ఎత్తలేదు. ఈ సంగతి ఇండియానాలో కప్పులు వేసే ప్రతివాడికీ తెలుసు. మెర్ల్ మటుకు కప్పులు వేసేవాళ్ళను పిలవలేదు. తనతో బౌలింగ్ క్లబ్బులో బంతులు దొర్లించే ముగ్గురు స్నేహితుల్ని పిలిచాడు.

గురువారం, శుక్రవారం నలుగురూ కలిసి కప్పంతా పీకేశారు. ఒకదాని మీద ఒకటి రెండు వరసల పాత పెంకులు. గరాజు ముందు దారిలో పెట్టిన తొట్టి అంచుదాకా నిండింది. శనివారం పొద్దుటికి ఇంటి నెత్తిన ఒట్టి చెక్కలు మిగిలాయి. మూడింటికి వాన అని రేడియో గంటకోసారి చెబుతోంది. ఒంటిగంటకి కొత్త పెంకులు, వాటికింద పరిచే తారు కాగితం వేసుకుని ఇంకో లారీ వస్తుంది. దాని క్రేన్‌తో సరుకు పైకెత్తడానికి వీధిలో కరెంటు తీగలు అడ్డం, అది గరాజు ముందే నిలవాలి. నిలవాలంటే ముందు ఈ తొట్టి కదలాలి. కదలకపోతే ఇల్లు తడిసి ముద్దవుతుంది. లోర్నా పొద్దుట్నుంచీ ఆకాశం వంకే చూస్తోంది.

పదకొండింటికి తొట్టిని ఎత్తుకుపోయే లారీ వచ్చింది. నడిపేది రోండా అనే పడుచు, చేతులకి దళసరి తొడుగులు. కొక్కెం తగిలించి మీట నొక్కింది. తొట్టి కదల్లేదు. లారీ ముందు చక్రాలు మూరెడు పైకి లేచాయి.

ఎదురింటి ఆర్విన్ డెట్‌వైలర్ అప్పటికే కుర్చీ బయట వేసుకుని కాఫీ కప్పుతో కూర్చున్నాడు. "బండి బాగానే గెంతుతోంది! టిక్కెట్టు ఎంత?" అని అరిచాడు.

రోండా లారీని నెమ్మదిగా దింపి, దిగివచ్చి తొట్టిలోకి తొంగిచూసింది. "పాత సామాను అన్నారటగా. ఇవన్నీ పెంకులే. సగం తీసేస్తే గానీ నేను ఎత్తలేను. ఇంతకీ ఆర్డరిచ్చింది ఎవరు?"

మెర్ల్ ఎర్రబడ్డ మెడ రుద్దుకున్నాడు. స్నేహితులు ముగ్గురూ చూస్తున్నారు, ఆర్విన్ చూస్తున్నాడు.

"మా ఆవిడ," అన్నాడు. "ఫోన్ చేసింది తనే. ఇలాంటివి తనకేం తెలుస్తాయి పాపం."

లోర్నాకి ఒళ్ళంతా భగ్గుమంది. ఇరవై రెండేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతోంది. అబద్ధమాడే పిల్లాడి మొహం ఎలా ఉంటుందో బస్సు అద్దంలో చూసి పట్టేస్తుంది. ఇంతమందిలో మొగుణ్ణి కడిగేయాలని నోటిదాకా వచ్చింది. కడిగేస్తే అతను వాదిస్తాడు. వాదన తేలేసరికి మూడవుతుంది. పైన చెక్కలు నోరు తెరుచుకుని ఉన్నాయి.

"సరే, నేనే ఇచ్చాను," అంది. "అయితే తొట్టి నాది. ఇక నా మాటే సాగుతుంది. మెర్ల్, పార తీసుకుని లోపలికి ఎక్కు."

"నా మోకాళ్ళు..."

"మోకాళ్ళ సంగతి సోమవారం చూద్దాం. ఎక్కు! మీరు ముగ్గురూ తీసినవి పచ్చిక మీదికి మోయండి. ఆర్విన్! ఆ కాఫీ కింద పెట్టి నీ తోపుడుబండి పట్రా."

"నేను ఊరికే చూస్తున్నానమ్మా!"

"ఇందాక టిక్కెట్టు అడిగావుగా. ఇదే టిక్కెట్టు."

రెండు రోజులు చెమటోడ్చి లోపల పోసిన పెంకుల్ని, మళ్ళీ చెమటోడ్చి బయటికి తోడారు. ఎండకి తారు మెత్తబడి పారకి అంటుకుంటోంది. పాత మేకులు తొడుగుల్లోంచి గుచ్చుకుంటున్నాయి. లోర్నా కూడా ఎత్తింది, నడుం విరిగేదాకా ఎత్తింది. ఎత్తిన ప్రతిసారీ ఆ "పాపం" అన్న మాటే చెవిలో గింగురుమంది. ఆ రోజు ఫోన్లో మెర్ల్ ఒక్క నిజం చెప్పి ఉంటే ఇదేదీ ఉండేది కాదు. ఏడుపొచ్చింది, ఏడవడానికి తీరిక లేకపోయింది.

పన్నెండు ముప్పావుకి కొత్త పెంకుల లారీ వీధి మొదట్లోకి వచ్చి హారన్ కొట్టింది. రోండా మళ్ళీ మీట నొక్కింది. లారీ మూలిగింది, ముందు చక్రాలు నేలనే ఉన్నాయి, తొట్టి కిర్రుమంటూ పైకెక్కి కూర్చుంది. ఆర్విన్ చప్పట్లు కొట్టాడు.

రోండా చేతిలో కాగితం పట్టుకుని దిగింది. "ఆర్డరిచ్చిన మనిషే సంతకం చెయ్యాలి."

లోర్నా చెయ్యి చాచింది. రోండా కాగితం ఆమెకి ఇవ్వలేదు. మెర్ల్ ముందు పట్టింది.

"ఇక్కడ మీ పేరే ఉంది సార్. మీ గొంతే రికార్డులో కూడా ఉందట. పొద్దున నేను ఎవరని అడిగేసరికే ఈ కాగితం నా జేబులో ఉంది."

ఆర్విన్‌కి కూడా నవ్వాలనిపించలేదు. మెర్ల్ తారు అంటిన వేళ్ళతో పెన్ను పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా సంతకం చేశాడు. కాగితం మీద నల్లటి వేలిముద్ర పడింది.

తొట్టి వెళ్ళిపోయింది. కొత్త పెంకుల లారీ వెనక్కి జరుగుతూ లోపలికొస్తోంది. మెర్ల్ భార్య దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నీకు ముందే తెలుసుగా నా పేరే ఉంటుందని. అప్పుడే అనొచ్చుగా?"

"అంటే ఒప్పుకునేవాడివా?"

అతను తారు వేళ్ళు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఒప్పుకునేవాణ్ణి కాదు," అన్నాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో అతను చెప్పగా లోర్నా విన్న మొదటి నిజం అదే అనిపించింది. సంతోషపడదామనుకుంది గానీ, ఒంట్లో సత్తువ లేదు. తారు కాగితం చుట్ట ఒకటి భుజానికెత్తుకుని నిచ్చెన వైపు నడిచింది.