రత్నమ్మగారి బాత్రూం ఫ్యాను

కరెంటు మేస్త్రి పున్నారావు ఫోనులో కోప్పడలేదు. సాయి సుధకి అందుకే ఎక్కువ భయం వేసింది.

"రత్నమ్మగారి కోడలు మళ్ళీ ఫోన్ చేసిందమ్మా. బాత్రూం ఫ్యాను తిరగట్లేదంట. ఈసారైనా తేల్చుకురా. ఇంకో ఫోను వస్తే మాత్రం అపార్టుమెంటు మూడో అంతస్తు వైరింగు పని నీకు అప్పగించలేను. ఓనరుకి నేనేం చెప్పుకోను?"

భట్టిప్రోలు నుంచి రత్నమ్మగారి ఊరు రేపల్లె దాకా బస్సులో కూర్చున్నంతసేపూ సుధ ఆ మూడో అంతస్తు గురించే ఆలోచించింది. ఐటీఐ చదివి, ఆరు నెలలుగా మేస్త్రి వెనక గోడలు కొట్టి పైపులు వేసింది. "ఆడపిల్లకి కరెంటు పనేంటి" అన్నవాళ్ళ ముందు నోరు మూసుకుని పనిచేసింది. సొంతంగా చేసిన మొదటి పని ఈ ఫ్యాను. అదేమో ఇలా తగలడింది.

ఫ్యానులో వింతేమీ లేదు. పక్కింటివాళ్ళు గోడ లేపడంతో రత్నమ్మగారి బాత్రూం వెంటిలేటరు మూసుకుపోయింది. తడి ఆరక గోడలు బూజు పట్టాయి. అందుకని టైమరున్న ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించారు. లైటు వేస్తే తిరుగుతుంది, లైటు ఆపేశాక ఇంకో ఇరవై నిమిషాలు తిరిగి తనంతట తనే ఆగుతుంది. అలా తిరగాలంటే లైటుతో సంబంధం లేకుండా దానికి ఎప్పుడూ కరెంటు అందుతుండాలి. అందుకోసం సుధ విడిగా ఒక స్విచ్చి పెట్టింది, బాత్రూం బయట బోర్డు మీద, లైటు స్విచ్చి పక్కనే. ఎప్పుడూ వేసే ఉంచమని చెప్పి వచ్చింది.

తర్వాత వచ్చి చూసిన రెండుసార్లూ ఆ స్విచ్చి ఆపేసే ఉంది. "మేమెవరమూ దాని జోలికి పోలేదు" అంది కోడలు పద్మజ. అత్తగారు రత్నమ్మ దేవుడి మీద ఒట్టేసింది. రెండోసారి సుధ స్విచ్చి మీద టేపు అంటించి వెళ్ళింది. ఇప్పుడొచ్చి చూస్తే టేపూ లేదు, స్విచ్చీ ఆపేసి ఉంది.

"ఆ టేపా? ఏదో చెత్త అంటుకుందని నేనే పీకి పారేశా" అంది రత్నమ్మగారు, కొంచెం గర్వంగానే.

సుధ స్విచ్చి వేసింది. "మామ్మగారూ, మీరు స్నానం చేసి రండి. నేనిక్కడే కూర్చుంటాను."

రత్నమ్మగారు స్నానం చేసి వచ్చింది. తలకి తువ్వాలు చుట్టుకుంటూ, పద్మజతో కూర సంగతి మాట్లాడుతూ, బోర్డు వైపు చూడనైనా చూడకుండా ఈ చివర నుంచి ఆ చివరకి అరచేత్తో ఒక్క తోపు తోసింది. లైటు, గీజరు, ఫ్యాను అన్నీ టకటకా ఆగిపోయాయి. అనవసరంగా ఏ స్విచ్చీ వేసి ఉంచని ఇల్లు అది. ఆవిడ చేతికి ఆ పని ఎంత అలవాటైపోయిందంటే, చేసినట్టు ఆవిడకే తెలియదు.

సుధకి ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. పద్మజ కూర గొడవలో పడి గమనించలేదు. "చూడండి, ఎవరు ఆపుతున్నారో" అని ఒక్క మాట అంటే చాలు, తన తప్పేమీ లేదని తేలిపోతుంది. కానీ ఒట్టేసి చెప్పిన పెద్దావిడను కోడలి ముందు దొంగను పట్టినట్టు పట్టివ్వడానికి నోరు రాలేదు. అయినా ఏళ్ళ తరబడి అలవాటైన చేతికి అడ్డంగా తీసుకెళ్ళి స్విచ్చి పెట్టింది ఎవరు?

"స్విచ్చి ఉండాల్సిన చోట పెట్టలేదండి. నాదే పొరపాటు. గంటలో మార్చేస్తాను" అంది.

మెయిన్ ఆపి, బోర్డులోంచి ఆ వైర్లు తీసి, స్టూలెక్కితే తప్ప అందనంత ఎత్తున, తలుపు పైన చిన్న పెట్టె బిగించి స్విచ్చి అందులోకి మార్చి, వేసి ఉంచింది. మెయిన్ వేసి, లైటు వేసి ఆపమంది. రత్నమ్మగారు లైటు వేసింది, అలవాటుగా బోర్డంతా తోసేసింది. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆవిడ తలుపు పైకి చూసింది, బోర్డుని చూసింది, తర్వాత తన చేతిని చూసుకుంది.

"అయితే ఇన్నాళ్ళూ ఆపింది నేనేనన్నమాట."

సుధ సామాను సర్దుకోసాగింది.

"మీ మేస్త్రికి ఫోన్ కలుపమ్మాయ్" అంది రత్నమ్మగారు. ఫోను అందుకుని, పద్మజ వింటుండగానే, "పున్నారావూ, తప్పు నాదయ్యా. ఈ పిల్ల తన మీద వేసుకుంది. ఏమైనా అన్నావంటే నేను ఊరుకోను" అని చెప్పి సుధ చేతిలో పెట్టింది.

అవతల నుంచి మేస్త్రి అడిగాడు.

"ఆవిడ పనేనని తెలిసీ చెప్పలేదేంటమ్మా?"

"అక్కడ పెట్టింది నేనే కదండి."

"రేపు తొమ్మిదింటికి వెళ్ళి మూడో అంతస్తు మొదలుపెట్టు. పని చూడ్డానికి నేను రాను. అవసరం లేదు."

"అలాగేనండి" అని సుధ సామాను సంచి భుజానికి తగిలించుకుంది.